‘కట్టింటి’ అన్న మాటలో దొరికిన పాస్ట్ పర్ఫెక్ట్

గత విద్యా సంవత్సరం మొదట్లో, ఒక సాయంత్రం బడి వదిలే వేళకు ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. హోసూరు పక్క గులాబీ తోటల్లో పనిచేసే మనిషి. ఆ అమ్మాయి పదో తరగతి దాకా మా దగ్గరే తెలుగు మాధ్యమంలో చదివి, పైచదువుకు వేరే ఊళ్ళో చేరింది. చేతిలో ఒక కాగితం ఉంది. తను చదివే చోట ఆఫీసుకు ఇంగ్లిషులో రాసిచ్చిన అర్జీకి అది నకలు.

జరిగింది చిన్న విషయమే. అమ్మాయి ఫీజు కట్టింది 12వ తేదీన. ఇక మీదట కట్టేవాళ్ళు జరిమానా కూడా కట్టాలని ఆఫీసువాళ్ళు నోటీసు పెట్టింది 14వ తేదీన. పొరపాటున ఈ అమ్మాయి పేరు జరిమానా జాబితాలోకి ఎక్కింది. బ్యాంకు రసీదు ఎక్కడ పెట్టిందో గుర్తులేదు. నేను ముందే కట్టేశాను, జరిమానా తీసేయండి అని అర్జీ పెట్టుకుంది. అందులో అసలు వాక్యం ఇది: ‘వెన్ ద నోటీస్ కేమ్, ఐ పెయిడ్ ద ఫీజ్.’

ఆ తండ్రి అన్నాడు: ‘‘అయ్యవారూ, నోటీసు వచ్చినాకనే కట్టినానని నువ్వే రాసిస్తివి కదమ్మా అంటా ఉండారు ఆఫీసోళ్ళు. పాపకు ఇంగిలీసు రాలేదా? తెలుగు బడిలో ఏసి తప్పు చేస్తినా నేను?’’

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఆ చివరి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అమ్మాయిని మాత్రం అడిగాను: ‘‘నువ్వు చెప్పాలనుకున్నది ముందు మన మాటలో చెప్పమ్మా.’’

‘‘నోటీసు ఏసేతలికి నేను ఫీజు కట్టింటి, అయ్యవారూ.’’

కట్టాను అనలేదు, ‘కట్టింటి’ అంది. నోటీసు రావడం ఒక పని, అంతకంటే ముందే ముగిసిపోయిన పని ఇంకొకటి. రెండూ ఆ ఒక్క మాటలో సరైన వరుసలో ఉన్నాయి. ఇంగ్లిషువాళ్ళు పాస్ట్ పర్ఫెక్ట్ అని పేరు పెట్టుకున్నది సరిగ్గా దీనికే. ‘‘నీ ‘ఇంటి’ ఉంది చూడు, దానికి ఇంగ్లిషులో ‘హ్యాడ్’ అని పేరు’’ అని చెప్పి, అదే కాగితం వెనకాల రాయించాను: ‘వెన్ ద నోటీస్ కేమ్, ఐ హ్యాడ్ ఆల్‌రెడీ పెయిడ్ ద ఫీజ్.’

తర్వాత బ్యాంకు నుంచి నకలు తెచ్చి చూపిస్తే జరిమానా తీసేశారు. తప్పంతా ఆ ఒక్క వాక్యానిదే అని నేననను. రసీదు చేతిలో ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ ఆ తిరుగుడుకు ఆయనకు రెండు రోజుల కూలి పోయింది. ఆ బిడ్డకు తెలియనిది కాలాల వరుస కాదు. ఆ వరుసకు ఇంగ్లిషులో ఏ మాట వాడాలో తెలియలేదు. ఆ ముడి వేసి చూపించాల్సింది నేను.

ఎర్రసిరాతో కొట్టేసిన మాట

ఆ రాత్రి పాత నోటుపుస్తకాలు గుర్తొచ్చాయి. ‘నేను పోయేతలికి బస్సు పోయిండె’ అని పిల్లలు వ్యాసంలో రాస్తే ఎన్నిసార్లు ఎర్రసిరాతో కొట్టేశానో! పక్కన ‘నేను వెళ్ళేసరికి బస్సు వెళ్ళిపోయింది’ అని రాసేవాణ్ణి. రాత భాష నేర్పాలి, అందులో తప్పులేదు. అయితే కొట్టేసినప్పుడు యాసతో పాటు ఒక అర్థాన్నీ కొట్టేస్తున్నానని నాకు తట్టలేదు. ఆ తర్వాతి పీరియడులో అదే అర్థాన్ని ఇంగ్లిషులో నేర్పడానికి నల్లబల్ల నిండా సూత్రాలు రాసేవాణ్ణి.

కొంచెం ఆలోచించి చూడండి. మన తెలుగు వ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలు, తద్ధర్మం అని చెబుతాం. భూతకాలానికి ముందున్న భూతకాలం అని విడిగా పాఠం లేదు. పాత గ్రాంథికంలో ‘వెళ్ళియుంటిని’, ‘వెళ్ళియుండెను’ అనే రూపాలు ఉండేవి. నేటి రాత భాషలో అవి దాదాపు కనిపించవు. ‘ఉన్నాను’ అన్న మాటే ఇప్పటికీ నిన్నటికీ రెంటికీ వాడతాం. ‘నేను ఇంట్లో ఉన్నాను’, ‘నేను నిన్న ఇంట్లో ఉన్నాను’ అనే రెండు వాక్యాల్లోనూ క్రియ ఒకటే. కాబట్టి ‘వచ్చి ఉన్నాడు’ అంటే ఇప్పుడా, అప్పుడా అన్నది క్రియ చెప్పదు. పక్కనున్న మాటలు చెప్పాలి.

రాయలసీమలోనూ, మా హోసూరు వంటి సరిహద్దు ఊళ్ళలోనూ ఆ పాత రూపం పోలేదు. ‘యుంటిని’ అరిగి ‘ఇంటి’ అయింది, ‘యుండెను’ అరిగి ‘ఇండె’ అయింది. మా పిల్లలు అవ్వాతాతల దగ్గర నేర్చుకున్న ‘పోయింటి’, ‘పోయిండె’ బూజుపట్టిన మాటలు కావు. ఇంగ్లిషు పాఠంలో నేరుగా పనికొచ్చే మాటలు.

ఈ రూపం అన్ని ప్రాంతాల తెలుగులో ఉండదు. యానాం వైపు గోదావరి తెలుగులో ఇదే సంగతిని ‘అప్పటికే’ అనే మాటతో చెబుతారు: ‘నేను వెళ్ళేసరికి అప్పటికే బస్సు వెళ్ళిపోయింది.’ తెలుగువాళ్ళు ఎక్కడున్నా ‘అప్పటికే’ అందరిదీ. కాబట్టి టీచర్లకు నేను చెప్పే మొదటి సూత్రం ఇది: వాక్యంలో ‘అప్పటికే’ పెట్టి చూడండి. అర్థం కుదిరితే ‘హ్యాడ్’కు అక్కడ చోటుంది.

‘వెన్’ దగ్గరే అసలు పరీక్ష

రూపం సులువు. ‘హ్యాడ్’ పెట్టి, క్రియ మూడో రూపం చేర్చాలి. హ్యాడ్ గాన్, హ్యాడ్ ఈటెన్, హ్యాడ్ పెయిడ్. ఐ, యు, హి, షి, దే అన్నిటికీ అదే హ్యాడ్. హ్యాజ్, హ్యావ్‌లలో ఉన్న తికమక ఇందులో లేదు. ఎప్పుడు పెట్టాలన్నదే చిక్కు.

మా తరం అంతా ఒకే ఉదాహరణతో ఇది నేర్చుకుంది. డాక్టరు వచ్చేలోపే రోగి చనిపోతాడు. దేశంలోని బళ్ళన్నిటిలో ఆ రోగి ఎన్ని వేలసార్లు చనిపోయాడో లెక్కలేదు. తమాషా ఏమిటంటే, ఆ వాక్యంలో ‘బిఫోర్’ ఉంది. ఏది ముందో అదే చెప్పేస్తుంది. ‘ద పేషెంట్ డైడ్ బిఫోర్ ద డాక్టర్ కేమ్’ అన్నా ఇంగ్లిషులో తప్పు కాదు. ‘ఆఫ్టర్’ ఉన్నా అంతే. ‘ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్, వి వెంట్ అవుట్’ చక్కటి వాక్యం. అంటే ఆ పాత ఉదాహరణ రూపం నేర్పింది గానీ అవసరం నేర్పలేదు.

అవసరం తెలిసేది ‘వెన్’ దగ్గర. ఈ మూడు వాక్యాలు చూడండి.

‘వెన్ ఐ రీచ్డ్ హోమ్, మై సిస్టర్ కుక్డ్ డిన్నర్.’ నేను ఇల్లు చేరాక అక్క వంట చేసింది.

‘వెన్ ఐ రీచ్డ్ హోమ్, మై సిస్టర్ వాజ్ కుకింగ్ డిన్నర్.’ నేను చేరేసరికి అక్క వంట చేస్తూ ఉంది.

‘వెన్ ఐ రీచ్డ్ హోమ్, మై సిస్టర్ హ్యాడ్ కుక్డ్ డిన్నర్.’ నేను చేరేసరికి వంట అయిపోయి ఉంది.

ఆకలితో ఇంటికి వచ్చినవాడికి ఈ మూడూ ఒకటేనా? మొదటిదాంట్లో గంటసేపు ఆగాలి. రెండోదాంట్లో కాసేపు ఆగాలి. మూడోదాంట్లో చెయ్యి కడుక్కుని కూర్చోవచ్చు. నేను తరగతిలో ఇలాగే అడుగుతాను: ‘‘ఏ ఇంట్లో తొందరగా అన్నం దొరుకుతుంది?’’ ఆరో తరగతి పిల్లలు కూడా ఠక్కున మూడోది చూపిస్తారు. మన అమ్మాయి అర్జీలో జరిగిన పొరపాటు ఇదే. మూడో రకం సంగతిని మొదటి రకం వాక్యంలో రాసింది.

కథ ముందుకు పోతుంటే వద్దు

ఇంకోవైపు, నేర్చుకున్న ఉత్సాహంలో అడుగడుగునా హ్యాడ్ పెట్టే పిల్లలూ ఉన్నారు. జరిగినవి జరిగిన వరుసలో చెబుతుంటే దాని అవసరమే లేదు. ‘ఐ గాట్ అప్, బ్రష్డ్ మై టీత్, డ్రాంక్ మిల్క్ అండ్ వెంట్ టు స్కూల్.’ లేచాను, పళ్ళు తోముకున్నాను, పాలు తాగాను, బడికి వెళ్ళాను. ఇక్కడ ఒక్క హ్యాడ్ కూడా పెట్టనక్కర్లేదు. బడికి చేరాక వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు మాత్రం కావాలి: ‘ఎట్ స్కూల్ ఐ ఓపెన్డ్ మై బ్యాగ్. ఐ హ్యాడ్ లెఫ్ట్ మై టిఫిన్ బాక్స్ ఎట్ హోమ్.’ సంచి తెరిచి చూస్తే, టిఫిన్ డబ్బా ఇంట్లోనే మరిచి వచ్చాను.

కథ ముందుకు నడుస్తుంటే మామూలు భూతకాలం, వెనక్కి ఒక అడుగు వేస్తే హ్యాడ్. నల్లబల్ల మీద గీత గీసి, ఒక పిల్లవాణ్ణి దాని పక్కన నడిపిస్తే ఈ సంగతి పదిహేను నిమిషాల్లో ఎక్కుతుంది. పెద్ద కథ వెనక్కి వెళ్ళినప్పుడు కూడా ఒకటి రెండు వాక్యాల్లో హ్యాడ్ పెట్టి పాఠకుణ్ణి వెనక్కి తీసుకెళితే చాలు. ఆ తర్వాత మామూలు భూతకాలంలో చెప్పుకుపోవచ్చు.

పక్క భాషల నుంచి వచ్చే అలవాటు

మన బళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఇంకో భాష, పుస్తకంలో ఇంగ్లిషు. ఈ మధ్య భాష సంగతి టీచర్లు గమనించాలి. ‘నిన్న బెంగళూరుకు వెళ్ళాను’ అనడానికి కన్నడంలో ‘హోగిద్దె’ అనడం మామూలు. తమిళంలో ‘పోయిరుందేన్’ అంటారు. మరాఠీలో అబ్బాయి ‘గేలో హోతో’ అంటాడు. ఒడియాలో ‘జాయిథిలి’. హిందీలో ‘గయా థా’. రూపం చూస్తే ఇవన్నీ ‘హ్యాడ్ గాన్’కు అన్నదమ్ముల్లాంటివే. కానీ ఆ భాషలు ఈ రూపాన్ని అయిపోయిన ఒంటరి పనికి కూడా ధారాళంగా వాడతాయి. మా ‘పోయింటి’ కూడా ఒక్కోసారి అలాగే వాడతాం: ‘నిన్న హోసూరికి పోయింటి.’

దాన్నే మాటకు మాటగా తెస్తే ‘ఎస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు బెంగళూరు’ అవుతుంది. మన దేశంలో ఆఫీసుల్లో, బస్సుల్లో రోజూ వినబడే ఇంగ్లిషే ఇది. కానీ పరీక్షలో మార్కు పోతుంది. బయటి దేశం మనిషి వింటే, ‘వెళ్ళి ఉన్నావు, అప్పుడు ఏమైంది?’ అని తర్వాతి మాట కోసం ఎదురుచూస్తాడు. ఇక్కడ ‘ఐ వెంట్’ చాలు.

అందుకే రెండో సూత్రం: హ్యాడ్ రాసిన ప్రతిచోటా ‘దేనికంటే ముందు?’ అని పిల్లల చేత అడిగించండి. జవాబు ఉంటే హ్యాడ్ ఉండనివ్వండి. లేకపోతే తీసేయండి. నిన్న బెంగళూరుకు వెళ్ళాను, దేనికంటే ముందు? జవాబు లేదు, కాబట్టి వెంట్. ‘వెన్ యు కేమ్, ఐ వాజ్ నాట్ ఎట్ హోమ్. ఐ హ్యాడ్ గాన్ టు బెంగళూరు.’ దేనికంటే ముందు? నువ్వు రావడానికంటే ముందు. ఇక్కడ హ్యాడ్ గాన్ సరైనదే.

ఇంటి మాట సాయపడుతుంది, ఒక్కోచోట తప్పుదారీ పట్టిస్తుంది. బళ్లారిలో కన్నడం, సోలాపూర్‌లో మరాఠీ, బరంపురంలో ఒడియా పక్కన పెట్టుకుని చదివే పిల్లలకు ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో టీచరు గుర్తుపట్టగలిగితే దిద్దడం తేలిక. ‘తప్పు’ అని కొట్టేయడం కంటే ‘వీధి భాషలో ఇది ఒప్పు, ఇంగ్లిషులో ఇలా అంటారు’ అని చెబితే పిల్లవాడు ముడుచుకోడు.

రోజువారీ ఇంగ్లిషులో ఎక్కడెక్కడ

ఈ టెన్స్ పుస్తకాలకే పరిమితం అనుకునేవాళ్ళు చాలామంది. మామూలు మాటల్లోనూ ఇది తరచుగా వస్తుంది. గబగబా మాట్లాడేటప్పుడు ‘ఐ హ్యాడ్’ కాస్తా ‘ఐడ్’ అయిపోతుంది కాబట్టి మన చెవికి అందదు. ‘ఐ వుడ్’ కూడా అలాగే కుదించుకుంటుంది. తర్వాతి క్రియ మూడో రూపంలో ఉంటే హ్యాడ్, మొదటి రూపంలో ఉంటే వుడ్ అని పోల్చుకోవాలి. ‘ఐడ్ సీన్’ అంటే హ్యాడ్, ‘ఐడ్ సీ’ అంటే వుడ్.

అనుకున్నది తప్పినప్పుడు: ‘ఐ థాట్ యు హ్యాడ్ లెఫ్ట్.’ నువ్వు వెళ్ళిపోయావనుకున్నాను.

మొదటిసారి చూసినదాని గురించి: చెన్నైకి విహారయాత్రకు వెళ్ళివచ్చిన మా పిల్లవాడొకడు రాసిన వాక్యం, ‘ఐ హ్యాడ్ నెవర్ సీన్ ద సీ బిఫోర్ దట్ డే.’ ఆ రోజు దాకా నేను సముద్రం చూసి ఎరగను.

ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేటప్పుడు: ‘షి సెడ్ షి హ్యాడ్ లాస్ట్ హర్ బస్ పాస్.’ బస్ పాస్ పోగొట్టుకున్నానని చెప్పింది.

జరగనిదాని గురించి చింతించేటప్పుడు: ‘ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ కమ్.’ నువ్వు చెప్పి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి. ఇక్కడ మన రాత భాష కూడా ఇంగ్లిషుతో చెయ్యి కలుపుతుంది. ‘చెప్పి ఉంటే’లో ఉన్న ‘ఉంటే’ దాదాపు ‘ఇఫ్ హ్యాడ్’ చేసే పనే చేస్తుంది. మా పల్లె మాట ‘చెప్పింటే’ అయినా అంతే. ‘ఐ విష్ ఐ హ్యాడ్ స్టడీడ్ వెల్’ కూడా ఈ కోవదే. బాగా చదివి ఉంటే ఎంత బాగుండేది!

పిల్లలు నవ్వుకునేది ఒకటుంది: ‘ఐ హ్యాడ్ హ్యాడ్ మై లంచ్.’ అచ్చు తప్పు కాదు. మొదటి హ్యాడ్ ‘అప్పటికే’ పని చేస్తుంది. రెండోది తినడం.

హ్యాడ్ కనిపించిన ప్రతి వాక్యమూ పాస్ట్ పర్ఫెక్ట్ కాదని కూడా చెప్పాలి. ‘ఐ హ్యాడ్ ఎ సైకిల్’ అంటే నా దగ్గర సైకిలు ఉండేది. ‘ఐ హ్యాడ్ టు గో’ అంటే వెళ్ళాల్సి వచ్చింది. పక్కన క్రియ మూడో రూపం ఉందా లేదా అన్నదే గుర్తు.

అమ్మానాన్నలు చేయగలిగింది

‘మాకు ఇంగ్లిషు రాదు, మేమేం నేర్పగలం’ అనే తల్లిదండ్రులకు నా మాట ఒకటే: ఈ పాఠంలో సగం మీ చేతుల్లో ఉంది, అదీ తెలుగులో. రాత్రి అన్నాల దగ్గర అడగండి: ‘‘నేను పని నుంచి వచ్చేసరికి నువ్వేమేం చేసేసి ఉన్నావు? ఏం చేస్తూ ఉన్నావు? నేను వచ్చినాక ఏం చేశావు?’’ నీళ్ళు పట్టేశాను, హోంవర్కు చేస్తున్నాను, నువ్వొచ్చాక టీవీ పెట్టాను అని బిడ్డ మూడింటినీ విడదీసి చెప్పగలిగితే చాలు. మర్నాడు తరగతిలో టీచరు ఆ మూడు వాక్యాలనే ఇంగ్లిషులోకి తిప్పించవచ్చు: ‘వెన్ మై మదర్ కేమ్ హోమ్, ఐ హ్యాడ్ ఫిల్డ్ ద వాటర్ పాట్స్. ఐ వాజ్ డూయింగ్ మై హోంవర్క్. దెన్ ఐ టర్న్డ్ ఆన్ ద టీవీ.’

సంగతులను వరుస తప్పకుండా తెలుగులో చెప్పగలిగిన బిడ్డకు ఇంగ్లిషు హ్యాడ్ ఒక కొత్త మాట మాత్రమే. తెలుగులోనే ఆ వరుస తడబడితే సూత్రాలు ఎన్ని బట్టీపట్టించినా అర్జీ రాయాల్సిన రోజున చెయ్యి కదలదు. తెలుగు బడిలో వేయడం తప్పా అని అడిగిన తండ్రికి ఆ తర్వాత ఈ మాటే చెప్పాను. తప్పు బడి భాషది కాదు, రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూపించని మా పాఠానిది.

ఈ ఏడాది ఎనిమిదో తరగతి తెలుగు వ్యాసంలో ఒక అబ్బాయి మళ్ళీ రాశాడు, ‘మేము పోయేతలికి తేరు కదిలిండె’ అని. ఈసారి కొట్టేయలేదు. పక్కన రాత భాషలో ‘మేము వెళ్ళేసరికి అప్పటికే రథం కదిలింది’ అని రాశాను. దాని కింద ఇంకో వరుస చేర్చాను: ‘ఇంగ్లిషు పీరియడులో ఇదే వాక్యం హ్యాడ్‌తో రాసి చూపించు.’ మర్నాడు పొద్దున ప్రార్థన కాకముందే పుస్తకం పట్టుకుని వచ్చాడు. ‘వెన్ వి రీచ్డ్, ద చారియట్ హ్యాడ్ మూవ్డ్’ అని రాసి ఉంది.